రివెట్లకు చెయ్యి పట్టాను, ఎక్కాలంటే మాత్రం భయం

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు నలభై దాటాయి. భర్త మెకానికల్ ఇంజినీరు, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కూడా ఉంది. నాలుగేళ్ల కిందట ఆయన ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల విమానాన్ని ఇంట్లోనే కట్టడం మొదలుపెట్టారు. ముందు తోక భాగం కిట్, అంటే ఇంట్లో బిగించుకునే విడిభాగాల జత వచ్చింది, తర్వాత రెక్కలు. ఆ రెండూ పూర్తయ్యాయి. ఇప్పుడు గరాజ్ నిండా విమానం నడిమి భాగమే. కార్లు ఎండకూ మంచుకూ బయటే ఉంటున్నాయి. "మొదటి ఏడాది నాకు ఒళ్లు మండేది. శని, ఆదివారాలు మనిషి కనపడేవారు కాదు. రెక్కల రేకులు బిగించే పని వచ్చినప్పుడు ఇది ఒక్కడి వల్ల కాదు, రెండో మనిషి కావాలి అన్నారు. రేకుల్ని కలిపి పట్టే మేకుల్లాంటి రివెట్ల మీద ఆయన బయట నుంచి రివెట్ గన్ కొడుతుంటే నేను లోపల చెయ్యి పెట్టి ఇనుప దిమ్మె అడ్డం పట్టుకునేదాన్ని. చేయగా చేయగా ఇష్టం పుట్టింది. ఇప్పుడు రివెట్ సరిగ్గా పడిందో లేదో శబ్దాన్ని బట్టే చెప్పేస్తాను" అని రాశారు.

చిక్కంతా ఇంజిన్ దగ్గర వచ్చింది. దానికి ఆర్డర్ పెట్టాలి, చాలా పెద్ద మొత్తం. ఆ లెక్కలు చూసుకుంటున్నప్పుడు ఆయన "పూర్తవగానే మన నలుగురం దీంట్లోనే లాంగ్ ట్రిప్ వేద్దాం" అన్నారట. ఈమె నోట్లోంచి "నేను ఎక్కను, పిల్లల్నీ ఎక్కనివ్వను" అన్న మాట వచ్చేసింది. ఆయన మొహం వాడిపోయింది. "ఇన్నేళ్లు పక్కనే ఉండి నా పని చూశావు. నా చేతుల మీద నమ్మకం లేదా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆమెను గరాజ్‌లోకి పిలవడం మానేశారు. రివెట్లకు ఒక స్నేహితుడు వస్తున్నాడు. పద్నాలుగేళ్ల కొడుకు ఎప్పుడెప్పుడు ఎక్కుదామా అని ఉన్నాడు. వాడడిగితే తండ్రి "మీ అమ్మనడుగు" అంటున్నారు. పదేళ్ల కూతురు ఇద్దరి మొహాలూ చూసి నోరు మెదపడం లేదు. "ఫ్యాక్టరీలో చేసిన విమానాలు ఉండగా ఈ మనుషులకు ఇదేం పిచ్చి? ఇది నిజంగా ప్రమాదమేనా, లేక నా పిరికితనమా? ఆయన మనసు కష్టపెట్టకుండా నేను వద్దనగలనా?" అని అడిగారు.

సమాధానం:

మీ వారు రెండు ప్రశ్నల్ని కలిపి ఒకటిగా అడిగారు. మీరూ ఒకటిగానే తీసుకుని బాధపడుతున్నారు. ఆయన పని బాగుందా అన్నది ఒకటి. ఆ విమానంలో మీరు, పిల్లలు కూర్చోవాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని మనస్ఫూర్తిగా చెప్పొచ్చు. ఎలాగో వివరిస్తాను. కానీ దానికి ముందు మీ మొదటి ప్రశ్న తీసుకోవాలి. ఆయన దేన్ని ఇంతగా ప్రేమిస్తున్నారో తెలియకపోతే, మీ మాట ఆయనకు ఎందుకంత గుచ్చుకుందో మీకు అందదు.

ఈ పిచ్చి కొత్తది కాదు. విమానం పుట్టిన తొలి పదేళ్లలోనే ఉంది. బ్రెజిల్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన శాంతోస్ డుమాంట్ వెదురు, పట్టుగుడ్డ వాడి డెమొసెల్ అనే చిన్న విమానం చేశారు. దానికి పేటెంట్ తీసుకోలేదు. కట్టుకోగలిగినవాళ్లు కట్టుకోండి అని డ్రాయింగులు వదిలేశారు. 1910లో పాపులర్ మెకానిక్స్ పత్రిక వాటిని అచ్చు వేసింది. తర్వాత 1920లలో షికాగోలో ఎడ్వర్డ్ హీత్ తన పారాసోల్ విమానాన్ని కిట్‌గా అమ్మారు. ఆయన 1931లో ఒక కొత్త విమానాన్ని పరీక్షిస్తూ కూలి చనిపోయారు. ఆయన కంపెనీ చేతులు మారి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత హీత్‌కిట్ పేరుతో ఇంట్లో బిగించుకునే రేడియోలు, ఎలక్ట్రానిక్ పరికరాలు అమ్మింది. మీ వారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిన్‌ను విమానానికి తగిలించి ఎగిరారు. దాని ప్లాన్లు 1932లో అచ్చయ్యాయి. వాటిని చూసి ఎయిర్ క్యాంపర్ కట్టుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. కారు ఇంజిన్ దొరుకుతుంది, కలప దొరుకుతుంది, చెయ్యి తిరిగితే చాలు అన్న ధైర్యం అది.

ఆ ధైర్యం ఎక్కడ బోల్తా పడిందో కూడా మీకు చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే అనే ఆయన 1933లో ఫ్లయింగ్ ఫ్లీ అనే బుల్లి విమానం చేసి ఎగిరారు. మరుసటి ఏడాది దాన్ని ఎలా కట్టాలో పుస్తకం రాశారు. చెక్కపెట్టె చేయగలిగినవాడు విమానమూ చేయగలడు అన్న ధోరణిలో ఉంటుంది అది. ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో జనం ఊగిపోయారు. ఇళ్లలో, షెడ్లలో వందల కొద్దీ మొదలయ్యాయి. కొన్నాళ్లకు ఒకదాని తర్వాత ఒకటి ముక్కు కిందకు పెట్టి నేలను గుద్దడం మొదలైంది. కట్టినవాళ్ల పనితనంలో లోపం అనుకున్నారు ముందు. చివరికి షాలే-మ్యుడాన్‌లోనూ ఫార్న్‌బరోలోనూ పెద్ద గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. ముందు రెక్క, వెనక రెక్క దగ్గరదగ్గరగా ఉండటం వల్ల, ముక్కు ఒక హద్దు దాటి కిందకు దిగితే పైలట్ స్టిక్ ఎంత వెనక్కి లాగినా విమానం లేవదు. 1936లో వాటిని ఎగరనివ్వడం ఆపేశారు. గమనించండి, ఎంతో శ్రద్ధగా, ఒక్క మేకు తప్పకుండా కట్టినవాడూ ఆ హద్దు దాటితే నేలను గుద్దాల్సిందే. పని బాగుండటం వేరు, ప్రయాణం క్షేమంగా ఉండటం వేరు అని ఈ రంగం అంత ఖరీదు పెట్టి నేర్చుకుంది.

మీ వారి విమానం మిన్యే విమానం లాంటిది కాదు, ఆ తేడా చెప్పడం న్యాయం. అమెరికాలో సొంతంగా కట్టుకునేవాళ్ల పట్ల ప్రభుత్వం చాలాకాలం ముఖం చిట్లించింది. యుద్ధం ముగిశాక, 1947లో జార్జ్ బొగార్డస్ అనే ఆరిగాన్ మనిషి తన లిటిల్ గీ బీ అనే చిన్న విమానాన్ని దేశం ఆ చివర నుంచి ఈ చివరకు, వాషింగ్టన్ దాకా నడుపుకుంటూ వెళ్లి అధికారులకు చూపించారు. ఇలాంటి ప్రయత్నాల వల్లే ఎక్స్‌పెరిమెంటల్, అంటే ప్రయోగాత్మక విమానాల విభాగంలో ఔత్సాహికులకు చోటు దొరికింది. 1953లో విస్కాన్సిన్‌లో పాల్ పోబెరెజ్నీ ఇలాంటివాళ్లను కూడగట్టి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ (ఈఏఏ) అనే సంఘం పెట్టారు. మొదట్లో ఆ సంఘం ఆఫీసంటే వాళ్లింటి బేస్‌మెంటే. ఉత్తరాలు, సభ్యుల చిట్టాలు చూసుకున్నది ఆయన భార్య ఆడ్రీ. ఈ ఉద్యమం చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరు విడిగా, గౌరవంగా చెబుతారు. గరాజ్‌లో రెండో మనిషి పని చిన్నది కాదు అని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1975లో బర్ట్ రూటాన్ అనే డిజైనర్ చేసిన వేరీఈజీ విమానం ఎగిరింది. అచ్చులు అక్కర్లేకుండా ఫోమ్‌ను కోసి, దాని మీద గ్లాసుగుడ్డ, రెజిన్ పూసి కట్టే పద్ధతి అది. అదే దారిలో వచ్చిన వాయేజర్ 1986లో ఎక్కడా ఆగకుండా, మళ్లీ ఇంధనం నింపుకోకుండా ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. నడిపినవాళ్లు డిక్ రూటాన్, జీనా యేగర్. ఇక మీ గరాజ్‌లో ఉన్నదాని వంశం 1971లో ఎగిరిన ఆర్‌వీ-3తో మొదలైంది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ దాన్ని తన కోసం చేసుకుని, అడిగినవాళ్లకు కిట్లుగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆర్‌వీలు ఇప్పటికి 11,000కు పైగా ఎగిరాయి. మీ ఆర్‌వీ-10 నమూనా 2003లో గాలిలోకి లేచింది. అంటే డిజైన్ మంచిచెడులు వేలమంది చేతుల్లో తేలిపోయాయి. మిన్యే కాలం నాటి గండం ఇక్కడ లేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఆయన్ను కట్టిపడేసింది ఇంకొకటి. అది మీకు తెలియనిది కాదు, మీ చేతులకు తెలుసు. రేకుకు రంధ్రం వేశాక దాని అంచున గోరుకు తగిలీ తగలనంత గరుకు మిగులుతుంది. దాన్ని నున్నగా తీయకపోతే ఏళ్ల తరబడి అదురుకు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. రివెట్ పెట్టి కొట్టాక లోపల పడే తల, కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. దిమ్మె కాస్త పక్కకు వాలితే తల ఒరుగుతుంది. గన్ జారితే రేకు మీద నెలవంకలా సొట్ట పడుతుంది, రంగు వేసినా అది కనిపిస్తూనే ఉంటుంది. ఒరిగిన రివెట్‌ను డ్రిల్ చేసి తీయబోతే రంధ్రం పెద్దదయ్యే ప్రమాదం. ఇలాంటివి ఒక విమానంలో వేలు. రోజంతా ఆఫీసులో ఎవరో మార్చేసే డిజైన్లు, ఎప్పుడూ తేలని మీటింగులు. సాయంత్రం గరాజ్‌కు వస్తే, సరిగ్గా పడిందా లేదా అన్నది గేజ్ పెట్టి తేల్చుకోగల పని. చేసినది అక్కడే ఉంటుంది, రేపు మళ్లీ చూసుకోవచ్చు. అమెరికా చట్టం కూడా దీన్ని ఇలాగే చూస్తుంది. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, కేవలం నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలి అంటుంది. అందుకే యాభై ఒక్క శాతం నిబంధన అంటారు.

ఇప్పుడు ఒకటి ఆలోచించండి. రివెట్ బయటి తలను ఎవరైనా చూడొచ్చు. లోపలి తల ఎలా పడిందో ముందు తెలిసేది దిమ్మె పట్టుకున్న మనిషికి. అంటే ఆయన పనికి మొదటి సాక్షి మీరు. మీరు "ఎక్కను" అన్నప్పుడు ఆయన చెవికి అది ఒక ప్రయాణికురాలి మాటగా వినపడలేదు. లోపల చూసిన మనిషి ఇచ్చిన రిపోర్టుగా వినపడింది. ఆయన అలిగారని మీరు రాశారు. నాకైతే ఆయన దెబ్బ తిన్నారనిపిస్తోంది.

ఇక ప్రమాదం సంగతి. మెత్తగా చెప్పడం మీకు మేలు కాదు కాబట్టి లెక్కలే చెబుతాను. అమెరికాలో ప్రమాదాలను విచారించే నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు 2012లో ఈ విమానాల మీదే ఒక అధ్యయనం విడుదల చేసింది. 2011లో ఆ దేశంలోని సాధారణ వైమానిక రంగం (విమాన సంస్థలవీ సైన్యానివీ కానివి) విమానాల్లో సొంతంగా కట్టినవి దాదాపు 10 శాతం. ప్రమాదాల్లో వాటి వాటా సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. కాబట్టి మీ భయానికి పిరికితనం అని పేరు పెట్టకండి.

అయితే ఆ అధ్యయనంలోనే మీ ఇద్దరికీ పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. రెక్క విరిగి, రేకు ఊడి కూలడం అరుదు. ఎక్కువగా జరిగేవి రెండు: ఇంజిన్ వైపు లోపాలు, గాలిలో అదుపు తప్పడం. విమానం కొత్తగా ఎగిరే తొలి గంటల్లోనూ, కొత్త మనిషి చేతిలో పడినప్పుడూ గండం ఎక్కువ. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో చనిపోయింది ఇలాంటి విమానంలోనే. వేరొకరు కట్టిన లాంగ్-ఈజీ అనే విమానాన్ని ఆయన అప్పుడే కొన్నారు. ఇంధన ట్యాంకు మార్చే మీట డ్రాయింగుల్లో ఉన్న చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టి ఉంది. దాన్ని అందుకోబోయి అదుపు తప్పి ఉంటుందని విచారణలో తేల్చారు. విమానం విరగలేదు.

మీరు సాక్ష్యం చెప్పగలిగిన పని, అంటే రివెట్లు, రేకులు, మనుషుల ప్రాణం తీసేవాటిలో చివరన ఉంది. ముందున్నవి ఇంధనం గొట్టాలు, ఇంజిన్, ఆ విమానంలో పైలట్‌కు ఉన్న అలవాటు. వాటిలో ఒక్కటి కూడా మీ గరాజ్‌లో ఇంకా జరగలేదు. జరగని వాటి మీద నమ్మకం ఉందని మీరు ఎలా చెబుతారు? ఆయన మాత్రం ఎలా అడుగుతారు?

ఇంకో విషయం మీకు తెలుసో లేదో. పూర్తయిన విమానం తలుపు దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ అని కనీసం రెండు అంగుళాల అక్షరాలతో రాయాలి. లోపల ప్రయాణికులకు కనిపించేలా ఒక పలక పెట్టాలి. ఈ విమానం ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాలకు ఉండే ఫెడరల్ భద్రతా నిబంధనలకు ఇది సరిపోదు అని దాని సారాంశం. ఎంత గొప్పగా కట్టినా ఆ పలక తప్పదు. అంటే ఎక్కేవాళ్లు తెలిసి, ఒప్పుకుని ఎక్కాలన్నది చట్టమే పెట్టిన మర్యాద. ఒప్పుకోకపోయే హక్కు అందులోనే ఉంది. ఆ పలక చదివి ఒప్పుకునే వయసు పదేళ్ల పాపకు లేదు. ఆమె తరఫున ఇద్దరూ కలిసి ఒప్పుకోవాలి.

పైగా మీరు ఇప్పుడే తేల్చాల్సిన అవసరం కూడా లేదు. ఇన్‌స్పెక్షన్ అయ్యి ఎగరడానికి అనుమతి కాగితం చేతికొచ్చాక మొదటి దశలో పరీక్ష కోసం ఎగరడం ఉంటుంది. ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న (సర్టిఫై అయిన) ఇంజిన్, ప్రొపెల్లర్ జత పెడితే మామూలుగా 25 గంటలు, లేకపోతే 40 గంటలు. కొత్తగా వచ్చిన పద్ధతిలో గంటల బదులు నిర్ణీత పరీక్షలన్నీ పూర్తి చేసినా చెల్లుతుంది. ఏదైనా సరే, ఆ దశలో ప్రయాణికుల్ని ఎక్కించడం నిషిద్ధం. "పూర్తవగానే నలుగురం" అన్న మాట ఆయన ఆశతో అన్నదే, చట్టం ప్రకారం కుదరదు. మీ పోట్లాట ఇంకా రాని రోజు గురించి.

మరి ఇప్పుడు ముందున్న దారులేమిటి?

ఆపేయడం ఒకటి. ఇంజిన్ ఆర్డర్ పెట్టకముందే ఆపితే డబ్బు పరంగా అది తక్కువ దెబ్బ. ఆర్‌వీ-10 ఒకటి పూర్తయ్యేసరికి ఇంజిన్, ప్రొపెల్లర్, ఎలక్ట్రానిక్స్, పెయింట్ అన్నీ కలిపి రెండు లక్షల డాలర్లు దాటడం ఈ రోజుల్లో మామూలే. సగంలో ఉన్న కిట్‌ను కొనేవాళ్లు దొరుకుతారు కానీ మీ శ్రమకు విలువ కట్టరు. కాకపోతే, మీ భయం వల్ల ఆపాల్సి వచ్చిందన్న మాట మీ ఇద్దరి మధ్య చాలాకాలం ఉండిపోతుంది. డబ్బు కారణంతో ఆపాలనుకుంటే అది డబ్బు చర్చగానే జరగాలి. ఆర్‌వీ కిట్లు అమ్మే కంపెనీయే 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరి, ధరలు బాగా పెంచి, పాత ఆర్డర్లకు కూడా కొత్త ధర కట్టించుకుని 2024లో బయటపడింది. కాబట్టి అడ్వాన్సులుగా ఎంత కడుతున్నారు, ఏదైనా అయితే ఎంత పోగొట్టుకోగలరు అన్నది భార్యగా మీరు అడగాల్సిన ప్రశ్నే. దాన్ని ఎక్కడం, ఎక్కకపోవడంతో ముడిపెట్టకండి.

ఆయన కట్టి, ఆయన ఒక్కరే ఎగరడం రెండోది. ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ నాలుగు సీట్ల విమానం, 260 హార్స్‌పవర్ ఇంజిన్, విమానం పెట్టుకునే హాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏటేటా ఇన్‌స్పెక్షన్, అన్నీ ఒక్క మనిషి సరదాకు. మీరు ఎప్పటికీ ఎక్కరు అన్నది ఖాయమైతే ఆయనకు అది ఇప్పుడే తెలియాలి. ఖర్చు పంచుకునే భాగస్వామిని చూసుకోవడమో, ఎలక్ట్రానిక్స్ తగ్గించుకోవడమో ఆయన ఆలోచిస్తారు. మొహమాటంతో "చూద్దాంలెండి" అనేసి, రంగు వేసి రెడీ అయ్యాక కాదంటే అది ఇప్పటి దెబ్బ కన్నా పెద్దది.

మూడోది మెట్లు మెట్లుగా వెళ్లడం. ఇవాళ ఉన్న మీ "కాదు" అలాగే ఉంటుంది, ఏం జరిగితే దాన్ని మళ్లీ ఆలోచిస్తారో ఆయనకు ముందే చెబుతారు. నాకు ఈ దారే నచ్చుతుంది, మీ ఉత్తరంలో మీకు ఆ పని మీద ఉన్న ఇష్టం కనపడింది కాబట్టి. ఏం అడగొచ్చు? ఈఏఏలో టెక్నికల్ కౌన్సిలర్లు ఉంటారు, అనుభవమున్న బిల్డర్లు, ఉచితంగా ఇంటికొచ్చి పని చూస్తారు. నడిమి భాగం మూసేయక ముందు ఒకసారి, ఇంధనం గొట్టాలు, వైరింగ్ అయ్యాక ఒకసారి, ఇంజిన్ బిగించాక ఒకసారి రమ్మనండి. వాళ్లు వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండాలని అడగండి. ఇంధనం ప్రవాహం పరీక్ష ఎలా చేశారో, ముక్కు పైకెత్తిన భంగిమలో కూడా కొలిచారో లేదో అడగండి. అది ఇంజినీరు భార్య అడగాల్సిన ప్రశ్నే. మొదటిసారి ఎగరక ముందు ఆయన ఆర్‌వీ-10 తెలిసిన శిక్షకుడి దగ్గర అదే రకం విమానంలో ట్రాన్సిషన్ ట్రైనింగ్, అంటే కొత్త రకం విమానానికి చెయ్యి అలవాటు చేసే శిక్షణ తీసుకోవాలి. ఇందులో రాజీ పడకండి. కట్టినవాడే మొదట ఎగరాలన్న నియమం ఎక్కడా లేదు, ఎక్కువ అనుభవం ఉన్న పైలట్‌కు ఇవ్వొచ్చు. దీనికి ఆయన అహం ఒప్పుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టి ఆయన ఎలాంటి పైలట్ అవుతారో మీకు చాలావరకు తెలుస్తుంది. నిజానికి నేనైతే ఆయన రివెట్ల కన్నా ఈ జవాబునే ఎక్కువ పట్టించుకుంటాను.

పరీక్షా దశ అయ్యాక కూడా ఒక ఏడాది ఆయన ఒక్కరే, వేసవీ చలికాలమూ చూస్తూ ఎగరనివ్వండి. ఆ తర్వాత మీకు మనసైతే మీరొక్కరే, గాలి నెమ్మదిగా ఉన్న పొద్దుట, రన్‌వే చుట్టూ ఒక చుట్టు. పైలట్ కాని తోడు ప్రయాణికుల కోసం పించ్ హిట్టర్ అని కోర్సులు ఉన్నాయి. పైలట్‌కు ఏదైనా అయితే రేడియోలో ఎవరిని పిలవాలి, విమానాన్ని ఎలా దింపాలి అని నేర్పుతారు. అది తీసుకుంటే చేతులు కట్టుకుని కూర్చున్న భావన పోతుంది. ఈ దారిలో ఉన్న చిక్కు ఏమిటంటే, మెట్లన్నీ అయ్యాక కూడా మీ మనసు ఒప్పుకోకపోవచ్చు. "ఇవన్నీ చేస్తే ఎక్కుతాను అని మాటివ్వడం లేదు, మళ్లీ ఆలోచిస్తాను అంటున్నాను" అని ఇప్పుడే స్పష్టంగా అనాలి. లేకపోతే ఆయన ఒక్కో మెట్టు ఎక్కుతూ టిక్కు పెట్టుకుంటూ మీ మీద అప్పు పెంచుకుంటారు.

అమ్మేసి ఫ్యాక్టరీలో తయారైన పాత విమానం కొనుక్కోవడం కూడా ఉంది. ఎగరడమే ముఖ్యమైతే అది తెలివైన పని, పైగా రేపే ఎగరొచ్చు. కానీ మీరు రాసిన దాన్ని బట్టి ఆయనకు కట్టడమే ప్రాణం. ఈ మాట ఆయన నోటి నుంచి రావాలి కానీ మీరు ఎత్తకండి.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి? గరాజ్‌లోకే వెళ్లండి, పిలవకపోయినా. భోజనాల దగ్గర, పిల్లల ముందు ఎత్తొద్దు. ఇలా మొదలుపెట్టొచ్చు: "మీ రివెట్లు బాగాలేవని నేను అనలేదండీ. లోపల చూసింది నేనేగా, ఎవరడిగినా చెబుతాను. ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుంది, కొత్త విమానం మీ చేతికి అలవాటవడానికి ఎంతకాలం పడుతుంది అన్నదే నా భయం. దాని గురించి మాట్లాడదామా?" ఆ తర్వాత ఆయన చెప్పేది వినండి. ఆయనకూ భయం ఉండి ఉంటుంది. ఏళ్ల తరబడి కట్టినదాన్ని మొదటిసారి గాలిలోకి లేపబోయే మనిషికి టెన్షన్ లేకపోతేనే ఆలోచించాలి. దాని గురించి మాట్లాడటానికి మీరు తప్ప ఆయనకు ఇంట్లో మనిషి లేరు. మీరు "ఎక్కను" అనగానే ఆ తలుపు కూడా మూసుకుపోయిందేమో.

ఆయన చేస్తున్నది ఒకటి సరికాదు, అదీ చెప్పండి. కొడుకు అడిగిన ప్రతిసారీ "మీ అమ్మనడుగు" అనడం వాణ్ని మీ మీదికి తోయడమే. రేపు మీరు మనసు మార్చుకున్నా, వాడి ఒత్తిడికి లొంగి మార్చుకున్నట్టవుతుంది. పరీక్షలు పూర్తయ్యేదాకా చట్టమే ఎవర్నీ ఎక్కనివ్వదు, ఆ తర్వాత అమ్మా నేనూ కలిసి నిర్ణయిస్తాం అని ఆయనే వాడికి చెప్పాలి. వాడికి ఎగరాలన్న ఆశ నిజంగా ఉంటే, ఈఏఏ 1992 నుంచి యంగ్ ఈగిల్స్ అని నడుపుతోంది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని వాలంటీర్ పైలట్లు ఉచితంగా ఒకసారి తిప్పి తెస్తారు, తల్లి లేదా తండ్రి సంతకం ఉండాలి. ఫ్యాక్టరీ విమానంలోనే పంపాలని ముందే అడగొచ్చు. కాకపోతే ఆ సంతకం ఆయనతో మాట్లాడకుండా పెట్టకండి. కొడుకును వేరే పైలట్‌తో పంపి తనతో పంపలేదన్న మాట ఆయన్ను ఇంకా గాయపరుస్తుంది. ఆయనే వెంట తీసుకెళ్లగలిగితే చాలా బాగుంటుంది.

పాపను కూడా ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి. ఆమెకు విమానం అంటే భయమో, మీ ఇద్దరి మౌనం అంటే భయమో నాకు మీ ఉత్తరంలో తెలియలేదు.

చివరగా ఒక కాగితం పని. ఇంజిన్‌కు డబ్బు కట్టకముందే ఆయన లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. సొంత విమానం నడుపుతూ జరిగే ప్రమాదాలకు వర్తించదని కొన్ని పాలసీల్లో ఉంటుంది. అలా ఉంటే వేరే పాలసీయో, అదనపు కవరో తీసుకోవాలి, దాని ఖర్చు కూడా ఈ లెక్కలోనే వేసుకోవాలి.